వాడికి మీ వివరాలన్నీ తెలుసు, అయితే ఏంటి?

(కంపెనీల నుంచి వ్యక్తిగత సమాచారం బయటికి పోయాక మోసాల బారిన పడకుండా ఉండడం గురించి నెల్లూరులో బ్యాంకు ఖాతాదారులు, ఆక్వా రైతులు, చిన్న వ్యాపారుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పెద్దవాళ్లు ముందుకు రండి, ఫ్యాను ఇక్కడే ఉంది. ఫోన్లు ఆపమని చెప్పను. ఇవాళ చెప్పేదాంట్లో సగం ఫోను చేతిలో పెట్టుకునే చేయాలి.

ఏదో ఒకరోజు మీకు ఒక మెయిలు వస్తుంది. కొందరికి ఇప్పటికే వచ్చి ఉంటుంది. “మా సర్వర్లలోకి బయటివాళ్లు చొరబడ్డారు. మీ పేరు, ఫోన్ నంబరు, చిరునామా, పుట్టిన తేదీ వాళ్ల చేతికి చిక్కి ఉండవచ్చు. ఆర్థిక సమాచారం ఏదీ పోలేదు.” ఆ ఆఖరి వాక్యం చదివి హమ్మయ్య అనుకుంటాం. నన్నడిగితే ఆ మెయిలు మొత్తంలో మనల్ని ముంచేది ఆ వాక్యమే. డబ్బు పోయేది పేరు, నంబరు, బిల్లు తేదీ లాంటి చిల్లర వివరాల వల్లే. ఎట్టాగో చూడండి.

ముత్తుకూరు దగ్గర చెరువులున్న రైతు ఆన్‌లైన్‌లో రెండు ఏరియేటర్లు, అంటే చెరువు నీళ్లలో గాలి కలిపే మిషన్లు, తెప్పించుకున్నాడనుకుందాం. అమ్మిన కంపెనీ నుంచి ఆర్డర్ల జాబితా దొంగల చేతికి పోయింది. రెండు నెలల తర్వాత ఫోను. “అన్నా, మీరు 14వ తేదీన రెండు ఏరియేటర్లు తీసుకున్నారు గదా, బిల్లు 61,400. ఆ బ్యాచ్‌లో మోటార్లు కాలిపోతున్నాయని కంపెనీ సగం డబ్బు తిరిగి ఇస్తోంది. మీకు లింకు పంపిస్తున్నా, ఒక్కసారి నొక్కండి.” తేదీ నిజం, బిల్లు నిజం, చెరువున్న ఊరు కూడా నిజం. ఇన్ని నిజాలు విన్నాక ఆ చివరి మాట అబద్ధమంటే మనసు ఒప్పుకోదు. “వాడు కంపెనీ వాడు కాకపోతే బిల్లు ఎంతైందో వాడికెట్టా తెలుసు?” అని ఇంట్లో మనమే ఎదురు వాదిస్తాం. తెలిసింది దొంగిలించిన కాగితం చూసి. సమాచారం ఒకసారి బయటికి పోయాక, మన వివరాలు తెలిసి ఉండడం ఎవరికీ గుర్తింపు కార్డు కాదు. ఆధార్ చివరి నాలుగంకెలు చెప్పినా సరే, అమ్మ పుట్టింటి పేరు చెప్పినా సరే. మన ఊళ్లల్లో అమ్మ పుట్టింటి పేరు తెలియని వాళ్లెవరు లెండి!

కాబట్టి ఇటువంటి ఫోను వస్తే వాడు దొంగో కాదో తేల్చే పని పెట్టుకోవద్దు. వాదించొద్దు, తిట్టొద్దు. పెట్టేయండి. తర్వాత మీ అంతట మీరే ఫోను చేయండి. ఏ నంబరుకి? కార్డు వెనక ముద్రించిన నంబరుకి, పాసుపుస్తకం మీదున్న నంబరుకి, లేదంటే బిల్లు మీదున్న నంబరుకి. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతకొద్దు. అక్కడా, మ్యాపుల్లోనూ దొంగలు తమ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. ఈసారి వల్లో పడేది మీ కాళ్లతో మీరే నడిచి వెళ్లి.

కొన్ని గుర్తులు ఉన్నాయి, అవి ఉపయోగపడతాయి గానీ వాటినే నమ్ముకోవద్దు. బ్యాంకు మెసేజీ పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి రాదు, అక్షరాలున్న పేరుతో వస్తుంది. 2025 నుంచి ఆ పేరు చివర చిన్న గీత పక్కన ఒక అక్షరం కూడా ఉంటోంది. ఎస్ అంటే సర్వీసు, టీ అంటే లావాదేవీ, పీ అంటే ప్రకటన, జీ అంటే ప్రభుత్వం. బ్యాంకుల సర్వీసు కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టింది. బ్యాంకుల వెబ్‌సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌లోకి మారాలని రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. ఇక్కడొక కిటుకు ఉంది. మన పేరుకి ఇంటిపేరు ముందుంటుంది, వెబ్‌సైటుకి ఇంటిపేరు చివర ఉంటుంది. అడ్రసులో https:// వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత (/) వచ్చేలోపు చివరగా ఏముందో చూడండి. మధ్యలో ఎక్కడో బ్యాంక్ డాట్ ఇన్ అని ఉండి, ఆ తర్వాత ఇంకేదో డాట్ కామ్ అని ముగిస్తే అది పరాయి ఇల్లే.

“మీ సమాచారం పోయిందో లేదో ఇక్కడ చూసుకోండి” అనే లింకుల సంగతి కూడా చెప్పాలి. 2017లో అమెరికాలో ఈక్విఫ్యాక్స్ అనే క్రెడిట్ బ్యూరో, అంటే జనం అప్పుల చరిత్ర దాచే కంపెనీ, నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. జనం చూసుకోవడానికి ఆ కంపెనీ వేరే పేరుతో ఒక వెబ్‌సైటు పెట్టింది. ఒక నిపుణుడు అందులోని మాటలు అటూ ఇటూ మార్చి అచ్చం అట్టాంటిదే ఇంకోటి తయారుచేశాడు, ఎంత తేలిగ్గా మోసం చేయొచ్చో చూపించడానికి. ఈక్విఫ్యాక్స్ సొంత ట్విట్టర్ ఖాతా నుంచే జనానికి ఆ నకిలీ లింకు పంపించారు! కంపెనీ వాళ్లే పోల్చుకోలేకపోయారు, ఎండలో సైకిలాపి ఫోను చూసుకునే మనం ఎట్టా పోల్చుకుంటాం? అందుకని నిజమైన మెయిలైనా సరే అందులోని లింకు నొక్కొద్దు. యాప్ తెరవండి, లేదా అడ్రసు మీరే టైపు చేయండి.

ఇంకొకటి. మెయిలు వచ్చిన రోజు, దొంగతనం జరిగిన రోజు ఒకటి కావు. ఎయిరిండియా ప్రయాణికుల సమాచారం చూసే సీటా సంస్థ మీద దాడి 2021 ఫిబ్రవరిలో జరిగింది. సుమారు 45 లక్షల మంది వివరాలు పోయాయని ఎయిరిండియా బయటపెట్టింది మే నెలలో. పోయినవి 2011 నుంచి పదేళ్ల వివరాలు. 2024లో స్టార్ హెల్త్ ఇన్సూరెన్స్ ఖాతాదారుల సమాచారం టెలిగ్రామ్ బాట్లలో దొరికిందని పత్రికల్లో వచ్చింది, అందులో వైద్య నివేదికలు కూడా ఉన్నాయి. దొంగ ఫోను ముందొచ్చి కంపెనీ మెయిలు తర్వాత రావడం మామూలే. మెయిలు వచ్చాక జాగ్రత్త పడదాంలే అంటే ఆలస్యమైపోయినట్టే.

ఇప్పుడు మెయిలు చేతిలో ఉంది. ఏమేం పోయాయో అందులో చదవండి. మార్చుకోగలిగినవి కొన్ని, మార్చుకోలేనివి కొన్ని. పాస్‌వర్డు, కార్డు మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ, వేలిముద్ర, ఆధార్ సంఖ్య మారవు. మార్చలేని వాటికి తాళం వేయాలి.

పాస్‌వర్డులు పోతే “హ్యాష్ చేసి పెట్టాం, భయం లేదు” అని రాస్తారు. హ్యాష్ అంటే ఏందో మన భాషలో చెబుతా. మామిడికాయని ఆవకాయ పెట్టాక, ఆ జాడీలోంచి మళ్లీ మామిడికాయ తీయలేం. నిజమే. కానీ దొంగ ఏం చేస్తాడు? బజారులో దొరికే కాయలన్నీ తెచ్చి, అదే కొలతలతో ఆవకాయ పెట్టి, ఏ జాడీ మన జాడీతో సరిపోయిందో చూస్తాడు. పిల్లకాయల పేరు, పక్కన 123, బండి నంబరు, పుట్టిన సంవత్సరం... ఇవన్నీ బజారు కాయలే. కంప్యూటరుకి ఇదంతా ఎంతో సేపు పట్టదు. దొరికిన పాస్‌వర్డుని అక్కడితో వదలరు. అదే మెయిలు, అదే పాస్‌వర్డు పట్టుకుని ఇంకో వంద చోట్ల ప్రయత్నిస్తారు. చెప్పుల షాపు యాప్‌కి పెట్టిన పాస్‌వర్డే జీమెయిల్‌కి పెట్టిన వాడి ఇల్లు అక్కడే తెరుచుకుంటుంది.

ముందుగా మార్చాల్సింది బ్యాంకుది కాదు, మెయిలుది. మిగతావన్నీ “పాస్‌వర్డు మర్చిపోయాను” అంటే లింకు పంపించేది ఆ మెయిలుకే గదా. పాస్‌వర్డు మార్చి ఊరుకోవద్దు. సెట్టింగ్స్‌లో మీ ఖాతా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో చూపిస్తుంది, తెలియనివి ఉంటే తీసేయండి. మెయిళ్లు ఇంకెవరికైనా ఫార్వర్డ్ అయ్యేటట్టు ఎవరైనా పెట్టారేమో చూడండి. లోపలికి వచ్చిన వాడు ముందు చేసే పని అదే, పాస్‌వర్డు మార్చినా వాడికి మెయిళ్లు పోతూనే ఉంటాయి. రికవరీ నంబరు మీదేనా? రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, అంటే పాస్‌వర్డుతో పాటు ఇంకో రుజువు కూడా అడిగేటట్టు. వాట్సాప్‌లో కూడా అంతే, ఆరంకెల పిన్ పెట్టి, లింక్డ్ డివైసెస్‌లో ఏమున్నాయో చూడండి.

కొత్త పాస్‌వర్డు సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పెట్టుకుంటే గుర్తూ ఉంటుంది, దొరకనూ దొరకదు. ఒక్కో ఖాతాకి ఒక్కోటి. గుర్తుండకపోతే పాస్‌వర్డులన్నీ దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడండి, అది చేతకాకపోతే నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. పుస్తకంలో రాయడం తప్పని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. రష్యాలో కూర్చున్న దొంగ మీ బీరువా తెరవలేడు. ఫోన్ గ్యాలరీలో ఫొటో తీసి దాచుకోవడమే తప్పు.

కార్డు విషయానికొస్తే కాస్త ఊరట. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో దుకాణాల యాప్‌లు కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు టోకెన్, అంటే ఆ దుకాణానికి మాత్రమే పనికొచ్చే మారు నంబరు, ఉంటుంది. ఆ టోకెన్ పోయినా వేరేచోట పనికిరాదు. అయినా బ్యాంకు యాప్‌లో కార్డు కంట్రోల్స్‌కి వెళ్లి విదేశీ లావాదేవీలు ఆపేయండి. మనలో ఎంతమందికి అవి అవసరం?

జనం పెద్దగా పట్టించుకోనిది ఒకటి చెబుతా. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డు ఉంది గదా, భద్రమే అనుకుంటారు. ఆ పాస్‌వర్డు ఏంది? పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరు, పుట్టిన తేదీ బయటపడిన రోజునే ఆ తాళం ఊడిపోయింది. బ్యాంకు స్టేట్‌మెంట్ల పాస్‌వర్డులు కూడా చాలావరకు ఇట్టాంటివే. మెయిల్లో, వాట్సాప్‌లో పాత ఆధార్ పీడీఎఫ్‌లు ఉంటే తీసేయండి. ఇకమీదట ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఒక గడిలో టిక్కు పెడితే చాలు. జిరాక్సు షాపాయనకి వాట్సాప్‌లో ఆధార్ పంపి ప్రింటు తీయించుకుంటాం, ఆ ఫైలు ఆయన కంప్యూటర్లో అట్టాగే పడి ఉంటుంది. నిలబడి తీసేయించండి, మొహమాటపడొద్దు.

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో దొంగకి చివరి అడుగు మనమే వేసి పెట్టాలి. ఓటీపీ చెప్పాలి, పిన్ కొట్టాలి, యాప్ దించుకోవాలి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయడం అక్కర్లేదు. రిఫండ్ అని చెప్పి పిన్ అడిగితే ఇక ఆలోచించే పనే లేదు. ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోరుతో పనిలేకుండా ఫోనులో యాప్ ఎక్కించే ఫైళ్లు, కూడా అంతే. చలానా అని, పీఎం కిసాన్ అని, పెళ్లిపత్రిక అని వాట్సాప్‌లో వస్తాయి. ఎక్కించుకుంటే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే ఓటీపీలు వాడికి పోతాయి. పొరపాటున ఎక్కించారా? వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. ఆ తర్వాతే యాప్ తీయడం. కొన్నిసార్లు తీసేయనివ్వదు. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ అనే రెండు చోట్ల దాని అనుమతి తీస్తే అప్పుడు పోతుంది. నా సలహా అడిగితే ఫొటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం మేలు.

మన ప్రమేయం ఏమాత్రం లేకుండా డబ్బు పోయే దారి ఇంకొకటి ఉంది. పల్లెల్లో వాళ్లు ఇది గట్టిగా వినాలి. బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకుంటాం గదా, దాన్ని ఏఈపీఎస్ అంటారు. దానికి కావలసినవి బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర. అంతే. ఓటీపీ లేదు, పిన్ లేదు. ఆధార్ సంఖ్య ఏదో ఒక కంపెనీ జాబితాలో దొరుకుతుంది. వేలిముద్ర? భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్ల మీదున్న ముద్రల్ని సిలికాన్‌లో అచ్చు తీసి డబ్బు లాగిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో నమోదయ్యాయి. ఒక్కసారికి తీయగలిగేది 10,000 లోపే. కానీ వరసగా నాలుగు రోజులు తీస్తే? ఎస్సెమ్మెస్ అలర్టు లేని ముసలివాళ్ల ఖాతా అయితే పాసుపుస్తకం ఎంట్రీ వేయించే దాకా తెలియదు.

దీనికి తాళం బయోమెట్రిక్ లాక్. ఆధార్ అధికారిక యాప్‌లో గానీ మై-ఆధార్ వెబ్‌సైటులో గానీ, రిజిస్టరు మొబైల్‌కి వచ్చే ఓటీపీతో వేయొచ్చు. వేశాక వేలిముద్ర, కనుపాప, ముఖం ఏవీ పనిచేయవు. అదే దీంతో చిక్కు కూడా. రేషన్ షాపులో, పెన్షన్ రోజున వేలు పెడితే తిరస్కరిస్తుంది. “మిషను పాడైంది” అని డీలరుతో గొడవ పడతారు. వెళ్లే ముందు యాప్‌లో కాసేపు తాళం తీసే వీలుంది. అంత చేయలేని పెద్దవాళ్ల విషయంలో ఇంకో దారి. ఆధార్‌కి కలిపిన ఖాతాలో అవసరానికి మించి డబ్బు ఉంచకుండా, మిగతాది వేరే ఖాతాలోకో డిపాజిట్‌లోకో మార్చండి. ఆ ఖాతాకి ఏఈపీఎస్ ఆపేయమని బ్యాంకులో రాసివ్వొచ్చు కూడా. ఆధార్ వెబ్‌సైటులోనే గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ని ఎక్కడెక్కడ వాడారో చూసుకోవచ్చు. ఫోను నంబరు ఆధార్‌కి కలిపి లేకపోతే ఇవేవీ కుదరవు, ముందు ఆధార్ కేంద్రానికి పోయి అది చేయించుకోండి.

మీ పేరుమీద ఇంకెవరో సిమ్ము తీసి ఉండొచ్చు, అప్పు తీసుకుని ఉండొచ్చు. సిమ్ముల సంగతి సంచార్ సాథీ వెబ్‌సైటులో తేలుతుంది. మీ నంబరు, ఓటీపీ ఇస్తే మీ పేరుమీదున్న కనెక్షన్లన్నీ చూపిస్తుంది, మీది కానిదాని పక్కన నాది కాదని నొక్కాలి. అప్పుల సంగతి క్రెడిట్ రిపోర్టులో. మన దేశంలో బ్యూరోలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేరోజు తీయకుండా మూడు నెలలకి ఒకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. అప్పుల పట్టికతో పాటు ఎంక్వైరీల పట్టిక చూడండి. మీరు పోని కంపెనీ మీ గురించి అడిగి ఉంటే ఎవరో మీ పాన్‌తో అప్పుకి ప్రయత్నించినట్టు. తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం.

ఇన్ని చేసినా డబ్బు పోయిందనుకోండి. మొదటి ఫోను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. బావమరిదికి కాదు, తెలిసిన కానిస్టేబుల్‌కి కాదు. దొంగ ఆ డబ్బుని నిమిషాల్లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి ఐదారింటికి చీలుస్తాడు. ఏటీఎంలో తీసేలోపు ఎక్కడ దొరికితే అక్కడ ఆపించడమే 1930 పని. ఫోను చేసేటప్పుడు మీ ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. యూపీఐ అయితే యూటీఆర్ అనే ఆ 12 అంకెల లావాదేవీ నంబరు యాప్‌లోనే ఉంటుంది. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకుని, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో మిగతా వివరాలు నింపండి. స్క్రీన్‌షాట్లు తీయకముందే సిగ్గుపడి చాట్‌ని తుడిచేయొద్దు.

అదే రోజు బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇది ఎందుకంటే, 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోచోట లోపం వల్ల డబ్బు పోయి, మీరు మూడు పని దినాల్లో చెబితే మీ నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు దినాలైతే మామూలు పొదుపు ఖాతాకి గరిష్ఠంగా 10,000 మీరు భరించాలి. ఏడు దాటితే బ్యాంకు విధానం ఎట్టా ఉంటే అట్టా. చెప్పిన పది పని దినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకి తెలిపేదాకా పోయింది మీరే భరించాలి, తెలిపాక పోయింది బ్యాంకు భరించాలి. అందుకే ఓటీపీ చెప్పేసినవాళ్లకి కూడా ప్రతి నిమిషం డబ్బే. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు ఉచితం.

కొన్నాళ్లకి ఇంకో ఫోను వస్తుంది, “మీ పోయిన డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు 5,000 కట్టండి” అని. మోసపోయినవాళ్ల జాబితా కూడా అమ్ముడుపోయే సరుకే మరి.

కంపెనీల మీద చట్టం లేదా అంటే ఉంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కానీ కంపెనీల బాధ్యతలు చాలావరకు అక్కణ్ణుంచి 18 నెలలకి గానీ అమల్లోకి రావు. భద్రత పాటించకపోతే 250 కోట్ల దాకా జరిమానా. ఆ జరిమానా పోయేది ప్రభుత్వానికి, మీ జేబులోకి కాదు.

(శ్రోతల్లో ఒకరు: ఇదంతా ఎందుకు సార్, నంబరు మార్చేస్తే పోదా?)

మంచి ప్రశ్న, పెద్దాయనా. మారిస్తే కష్టం రెట్టింపవుతుంది. మీరు వదిలేసిన నంబరుని కంపెనీ కనీసం 90 రోజులు పక్కన పెట్టి ఇంకొకరికి అమ్ముతుంది. మీ బ్యాంకు, ఆధార్, జీమెయిల్ ఇంకా పాత నంబరు మీదే ఉంటే ఓటీపీలన్నీ ఆ కొత్తాయనకి పోతాయి. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే వరస ఇది: ముందు బ్యాంకులో, తర్వాత ఆధార్ కేంద్రంలో, తర్వాత మెయిలు, గ్యాస్, ఎల్ఐసీ, పీఎఫ్. అన్నీ మారేదాకా పాత సిమ్ముకి చిన్న రీఛార్జి వేస్తూ ఇంట్లో ఒక పాత ఫోనులో పెట్టి ఉంచండి. ఆ ఫోనుకి ఏ సంస్థ నుంచైనా మెసేజీ వచ్చిందంటే, అక్కడ మార్చడం మరిచిపోయారని అర్థం.